మేళ్లచెరువు నుంచి డాకర్‌కు

మేళ్లచెరువులో సిమెంటు కిల్ను అంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. సున్నపురాయి పొడిని కాల్చే పొడవాటి ఇనుప గొట్టం అది. లోపల లారీ పట్టేంత వెడల్పు ఉంటుంది. రాత్రీ పగలూ నెమ్మదిగా తిరుగుతూనే ఉంటుంది. లోపలి మంటకు ఆ ఇనుము కరిగిపోకుండా గొట్టం లోపలంతా గుండ్రంగా, వరసలు వరసలుగా, మంటకు తట్టుకునే ఇటుకలు పేరుస్తారు. ఏడాదికోసారో రెండుసార్లో కిల్నును ఆపి, అరిగిన ఇటుకలు తీసి కొత్తవి వేస్తారు. ఆ పని చేసే మేస్త్రీ మా వీధి వెంకటనర్సు. నా కిరాణా కొట్టుకు ఎదురిల్లే ఆయనది.

పంతొమ్మిదేళ్లకు ఇటుకలు మోసే కూలీగా కిల్నులోకి దూరాడు. ఇప్పుడు నలభై ఆరు. చేతులు మొరటుగా ఉంటాయిగానీ మాట మెత్తన. కోపం వస్తే గొంతు పెంచడు, ముక్కు రుద్దుకుంటాడు. ఆయన భార్య ఉష అలా కాదు. మనసులో ఉన్నది ఉన్నట్టు బయటికి అనేస్తుంది. టైలరింగ్ చేస్తుంది. ఒక్కతే కూతురు పూజ, కోదాడలో డిగ్రీ చదువుతోంది.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఆయన పనిచేసే కాంట్రాక్టరుకు బయటి దేశాల పనులు రావడం మొదలైంది. మొదట ఒమన్ పంపారు. పొద్దున శంషాబాద్‌లో ఎక్కితే మధ్యాహ్నానికి మస్కట్‌లో దిగాడు. తిరిగొచ్చాక నా కొట్టు ముందు కూర్చుని వచ్చినవాడికల్లా చెప్పాడు: "కోదాడ నుంచి హైదరాబాద్ బస్సుల పోయినంత సేపే. నడుమ అన్నం గూడ పెట్టిండ్రు." ఆ మాటే ఉష మనసులో పడిపోయింది. విమానమంటే ఇక్కడ ఎక్కడం, అక్కడ దిగడం. అంతే అనుకుంది ఆవిడ. ఆయనా అంతే అనుకున్నాడు.

రెండు వేల ఇరవై మూడు ఎండాకాలంలో హుజూర్‌నగర్‌లో ఉష తమ్ముడు వెంకటేష్ కొత్త ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి పూజతో సహా ముగ్గురూ ముందురోజే వెళ్లారు. ఆడబిడ్డ పాలు పొంగించాలి, బావ గుమ్మడికాయ కట్టాలి. వెంకటేష్ ఆ సంగతి నెల ముందే వచ్చి చెప్పి వెళ్లాడు. తెల్లవారి వ్రతం మొదలుకాబోతుండగా వెంకటనర్సుకు హైదరాబాద్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది.

చేసింది నరహరి. ఎవరు ఏ పనికి వెళ్లాలో చూసి, టికెట్లు కొని పంపేది అతనే.

"నర్సన్నా, ఆఫ్రికా దేశం సెనెగల్ ల కిల్ను లోపల ఇటుక కూలిందట. బయట గొట్టం మీద ఎర్ర మచ్చ పడ్డది. ఎల్లుండికల్లా మనిషి ఉండాలంటున్నరు. నువ్వు, మన శ్రీశైలం ఇద్దరు ఇయ్యాలనే బయల్దేరాలె."

"ఇయ్యాల మా బామ్మర్ది గృహప్రవేశం తమ్మీ. రేపు పొద్దుగాల పోత."

"రేపైతే కాదన్నా. టికెట్ కొన్న. డాకర్ అని ఊరు. జర అర్థం చేస్కో."

"కిల్ను ఎన్నడు ఆపిండ్రు?"

"ఆపిండ్రన్నా, ఆపిండ్రు. నువ్వు బయల్దేరు."

పక్కనే ఉన్న పూజ ఫోన్‌లో చూసింది. హైదరాబాద్ నుంచి డాకర్‌కు సుమారు పదివేల కిలోమీటర్లు, విమానంలో పన్నెండు పదమూడు గంటలు అని చూపించింది.

"పదమూడు గంటలే గదా" అంది ఉష. "గృహప్రవేశం గానియ్యి, బువ్వ తిను, రేపు పొద్దుగాల పో. ఎల్లుండికి ఉండవా?"

లెక్క ప్రకారం ఆవిడ మాట సబబే. వెంకటనర్సు మళ్లీ ఫోన్ చేసి అదే చెప్పాడు. "టికెట్ మార్చరాదన్నా" అన్నాడు నరహరి. వెంకటేష్ గుమ్మంలో నిలబడి అంతా వింటున్నాడు. పంతులు ముహూర్తం దాటుతోందని తొందరపెట్టాడు. వెంకటనర్సు గుమ్మడికాయ కట్టాడు, చేతులు కడుక్కున్నాడు, భోజనాల విస్తళ్లు వేయకముందే, ఇంట్లో సంచి, పాస్‌పోర్టు తీసుకుని పోవాలని బస్టాండుకు బయల్దేరాడు.

"కూసొని నాలుగు ముద్దలు తిని పోకపోతివి బావా" అన్నాడు వెంకటేష్. పిలుపులా లేదు ఆ మాట, ఎత్తిపొడుపులా ఉంది.

శంషాబాద్‌లో శ్రీశైలం కలిశాడు. అతనిదీ మేళ్లచెరువే. వెంకటనర్సుతో పదేళ్లుగా పనిచేస్తున్నాడు. ఇంగ్లీషు కాస్త వచ్చు కాబట్టి మాట్లాడే పనంతా అతనిదే. టికెట్ చూసి అతనే చెప్పాడు. ముందు ముంబై పోవాలి. అక్కడినుంచి అడిస్ అబాబా అనే ఊరు. అక్కడ ఇంకో విమానం. అదైనా నేరుగా డాకర్ పోదు, నడుమ ఇంకో ఊళ్లో ఆగుతుంది.

"గిదేం తొవ్వరా?" అన్నాడు వెంకటనర్సు.

"అగ్గువకు దొరికినట్టుంది అన్నా."

ముంబైలో దిగాక ఒక బిల్డింగు నుంచి ఇంకో బిల్డింగుకు బస్సులో వెళ్లాలన్నారు. వెళ్లారు. అక్కడ కౌంటర్ ఇంకా తెరవలేదు, కూర్చోమన్నారు. కూర్చున్నారు. రాత్రంతా అలాగే గడిచింది. తెల్లవారుజామున ఎక్కారు. అడిస్ అబాబా మీదికి వచ్చేసరికి అక్కడ ఒకటే వాన. విమానం కిందికి దిగలేక గాలిలో గిరికీలు కొట్టింది. కిటికీలోంచి చూస్తే అదే మబ్బు మళ్లీ మళ్లీ వచ్చింది. దిగేసరికి డాకర్ విమానం వెళ్లిపోయింది. తర్వాతిది మరునాడు.

ఆ రోజంతా కూర్చున్న కుర్చీలోంచి వెంకటనర్సు లేవలేదు. శ్రీశైలమే లైన్లలో నిలబడి కొత్త టికెట్లు రాయించుకొచ్చాడు, తినడానికి ఇంత తెచ్చాడు. ఇంతలో ఉష ఫోన్ చేసింది.

"చేరినవా?"

"లేదు. నడుమల ఉన్న."

"నడుమల అంటే?"

"ఇథియోపియా అట."

"అది ఏడుంది?"

"నాకేం తెలుసే. వాన పడుతాంది."

హుజూర్‌నగర్‌లో ఇంకా చుట్టాలున్నారు. ప్రతివాళ్లూ ఉషను అదే అడుగుతున్నారు, చేరిండా అని. నిన్న పదమూడు గంటలని అందరికీ ఆవిడే చెప్పింది. ఇప్పుడు అందరికీ లేదు లేదని చెప్పాల్సి వస్తోంది. ఒక ముసలామె, "ఒమన్ పోయినప్పుడు బువ్వ తిన్నంత సేపట్ల పోయొచ్చిండంటివి గదనే" అంది. ఉషకు తల కొట్టేసినట్టయింది. పూజను పట్టుకుంది.

"నీ ఫోను పదమూడు గంటలంటది. మీ బాపు రెండు దినాలాయె, ఇంకా నడుమలనే ఉన్నడు. ఎవలిది అబద్ధం?"

"అది నేరుగ పోతే అమ్మా."

"మరి నేరుగ పోవచ్చు గద?"

"నేరుగ పోయే విమానమే లేదు."

"లేని విమానానికి టైమెందుకు చూపిస్తది మరి?"

పూజ ఫోన్ పక్కన పెట్టి చాయ్ గ్లాసులు కడగడానికి వెళ్లింది.  

మూడోరోజు మళ్లీ ఎక్కారు. కొన్ని గంటలకు విమానం దిగింది. సగంమంది లేచి సంచులు తీసుకుంటున్నారు. వెంకటనర్సూ లేచాడు, తాపీ, రబ్బరు సుత్తి ఉన్న పెద్ద సంచి ఎలాగూ కింద డిక్కీలో ఉంది కాబట్టి చేతిసంచి పట్టుకుని మెట్లు దిగాడు. శ్రీశైలం వెనకే దిగాడు. కింద ఎండ మాడ్చేస్తోంది. నేలమీద కాళ్లు పెట్టినందుకే వెంకటనర్సుకు ప్రాణం లేచొచ్చింది. ఉషకు ఫోన్ చేద్దామని తీశాడు కూడా. ఇంతలో పచ్చటి కోటు వేసుకున్న ఒకతను వాళ్ల టికెట్ ముక్కలు చూసి తల అడ్డంగా ఊపి, వేలితో మళ్లీ విమానం వైపు చూపించాడు. అది బమాకో, నడుమ ఆగే ఊరు. డాకర్ ఇంకా ముందుంది.

మెట్లెక్కి వస్తుంటే లోపల కూర్చున్నవాళ్లు వాళ్లనే చూశారు. ఒక చిన్నమ్మాయి నవ్వింది. వెంకటనర్సు తన సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుని ముక్కు రుద్దుకున్నాడు. 

డాకర్‌లో దిగాక ఫ్యాక్టరీకి తీసుకెళ్లడానికి జీపు వచ్చింది. దారిలో సముద్రం కనిపించింది. మామూలుగా అయితే చూసి ఆనందపడేవాడే. నేరుగా కిల్ను దగ్గరికి తీసుకెళ్లమన్నాడు. అక్కడి ఇంజనీరు పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. ఎంతో మర్యాదగా చేయి కలిపాడు. కిల్ను తిరుగుతూనే ఉంది.

వెంకటనర్సు నిలబడి చూశాడు. గొట్టం మీద ఎర్ర మచ్చ ఉన్నచోట పెద్ద ఫ్యాన్లు పెట్టి గాలి కొడుతున్నారు. ఇంజనీరు చెప్పింది శ్రీశైలం తెలుగులో చెప్పాడు: "మనం చేరేదాకా నడిపిద్దామనుకున్నరట అన్నా. ఇయ్యాల ఆపుతరట. చల్లారాలంటే ఇంకో మూడు నాలుగు రోజులు. గప్పటిదాంక గెస్ట్‌హౌస్‌ల రెస్టు తీసుకొమ్మంటున్నడు."

కిల్ను ఆపిన వెంటనే ఎవరూ లోపలికి పోలేరు. అది వెంకటనర్సుకు తెలియనిది కాదు. అందుకే బయల్దేరేముందు అడిగాడు. అక్కడే నిలబడి నరహరికి ఫోన్ చేశాడు.

"కిల్ను ఎన్నడు ఆపిండ్రని అడిగిన తమ్మీ నిన్ను."

"ఆపిండ్రు గదన్నా?"

"నా ముంగట తిరుగుతాంది."

"అట్లనా? మరి ఆపుతమని చెప్పిండ్రు. నేను ఆపిండ్రనుకున్న. పోనీ తియ్యన్నా, నువ్వు చేరినవు గద, మన లెక్కల మనం కరెక్టే ఉన్నం. మన మనుషులు చేరిన్నాటి నుంచే కాంట్రాక్టు మొదలైతది."

ఆ సాయంత్రం గెస్ట్‌హౌస్‌లో చేపలు, అన్నం పెట్టారు. బాగుంది కూడా. తింటుంటే ఉష ఫోన్ వచ్చింది. ఆయనకింకా పొద్దు గూకలేదు, ఇక్కడ అందరూ పడుకునే వేళ. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఉష పైకే రోజులు లెక్కపెట్టింది.

"అంటే గృహప్రవేశం అయినంక, ఇంకో రెండు రోజులు మా తమ్మునింట్ల ఉండి, పండుకొని లేసి, నిమ్మళంగ పోయినా సరిపోతుండె" అంది చివరికి.

"సరిపోతుండె."

"మా వెంకటేష్‌కు చెప్పకు గీ సంగతి."

నాలుగోరోజు కిల్నులోకి దిగారు. అక్కడినుంచి పది పన్నెండు రోజులు వెంకటనర్సు మామూలు మనిషి అయ్యాడు. పాత ఇటుకలు పగలగొట్టించడం, కొత్తవి వరస పెట్టడం, ప్రతి వరస చివర ఇరుకు సందులో ఆఖరి ఇటుకను కొట్టి బిగించడం. అక్కడి మేస్త్రీలతో భాష కలవకపోయినా పని కలిసింది. వాళ్లలో ఒకతను మధ్యాహ్నం తనతో పాటు కూర్చోబెట్టి వేరుశనగ పులుసుతో అన్నం తినిపించేవాడు. పని పూర్తయ్యాక ఇంజనీరు మళ్లీ చేయి కలిపాడు, ఈసారి రెండు చేతులతో.

తిరుగు ప్రయాణం ముందు వెంకటనర్సు నరహరికి ఖరాఖండిగా చెప్పాడు. "నాకు గా ముంబై వద్దు, గా వాన వద్దు, నడుమ ఆగుడు వద్దు. ఒక్క తావు మారి ఇంటికి రావాలె. లేకుంటే ఈన్నే ఉంట."

"ఈసారి ఫస్ట్‌క్లాస్ తొవ్వ అన్నా. పారిస్ మీదికెళ్లి. ఒక్కటే మారుడు."

వెంకటనర్సుకు కాస్త మనసు చల్లబడింది. పూజకు పారిస్ పేరు చెబితే ఫొటోలు దిగమంది. ఇద్దరూ సంచులు సర్దుకుని ఎయిర్‌పోర్టుకు వెళ్లారు. కౌంటర్‌లో అమ్మాయి పాస్‌పోర్టులు తిరగేసింది, ఇంకొకరిని పిలిచింది, అతను మరొకరిని పిలిచాడు. మన పాస్‌పోర్టు వాళ్లు పారిస్‌లో విమానం మారాలన్నా, ఎయిర్‌పోర్టు దాటి బయటికి పోకపోయినా వీసా కావాలట. అది లేదు. ఎక్కనివ్వమన్నారు.

"ఊళ్లెకు పోము గదా, కూసుంటం గంతే అని చెప్పురా" అన్నాడు వెంకటనర్సు.

"చెప్పిన అన్నా. కూసునేటందుకే వీసా అట."

వెనక్కి వచ్చేసరికి గెస్ట్‌హౌస్‌లో వాళ్ల గది వేరేవాళ్లకు ఇచ్చేశారు. హాల్లో పరుపులు వేశారు. కొత్త టికెట్ వచ్చేదాకా, అంటే మరో నాలుగు రోజులు, అక్కడే ఉన్నారు. వచ్చిన టికెట్ ఏమిటో చెప్పక్కర్లేదు. బమాకో, అడిస్ అబాబా, ముంబై. బమాకోలో విమానం ఆగినప్పుడు శ్రీశైలం అంగుళం కదల్లేదు. వెంకటనర్సు భుజం మీద చేయి వేసి పట్టుకుని కూర్చున్నానని నాతో చెప్పాడు.

ఇంటికి వచ్చిన మర్నాడే హుజూర్‌నగర్ వెళ్లాడు వెంకటనర్సు. వెంకటేష్ కుర్చీ వేశాడు, చాయ్ ఇప్పించాడు, ఇల్లంతా చూపించాడు. "పని ముఖ్యం గద బావా" అన్నాడు. ఆ మాట మూడుసార్లు అన్నాడు. కిల్ను తిరుగుతూనే ఉందన్న సంగతి నోటిదాకా వచ్చినా ఉష చెప్పొద్దన్నది గుర్తొచ్చి వెంకటనర్సు చాయ్ తాగేసి వచ్చేశాడు.

అంతటితో ఉష ఊరుకోలేదు. నరహరి నంబరు తీసుకుని తనే ఫోన్ చేసింది. కొట్టు ముందే నిలబడి మాట్లాడింది కాబట్టి నేనూ విన్నాను.

"ఏం తమ్మీ, నువ్వు కొన్న టికెట్ మీద నువ్వెన్నడన్న పోయినవా?"

"లేదక్కా, నాకెట్ల కుదురుతది, ఆఫీసు ఉంటది."

"ఒక్కసారి పో. పోయినంక మాట్లాడుదాం."

మరుసటి ఏడు అదే కిల్నుకు మళ్లీ పని పడింది. సూపర్‌వైజరుగా వెళ్లాల్సినాయనకు జ్వరం వచ్చింది. వెంకటనర్సు, శ్రీశైలంతో పాటు కాంట్రాక్టరు నరహరినే వెళ్లమన్నాడు. ఈ కబురు విన్నరోజు ఉష నాకు జిలేబీ పెట్టింది. వెంకటనర్సు పైకి ఏమీ అనలేదుగానీ అంత హుషారుగా సంచి సర్దుకోవడం నేనెప్పుడూ చూడలేదు. అదే తొవ్వ. ముంబై, అడిస్ అబాబా, బమాకో, డాకర్. టికెట్లు నరహరి తన చేతులతో కొన్నవే.

శంషాబాద్‌కు నరహరి పొట్ట నింపుకుని వచ్చాడు. ముప్పై ఐదేళ్ల గుండ్రటి మనిషి, నవ్వు మొహం. ముంబైలో కూర్చోమనగానే మూడు కుర్చీలు చూసుకుని, చెప్పులు తల కింద పెట్టుకుని పడుకున్నాడు. గురక. తెల్లవారుజామున లేపితే లేచి, విమానం ఎక్కి, బెల్టు పెట్టుకుని మళ్లీ పడుకున్నాడు. అడిస్ అబాబాలో దిగి, నడిచి, కూర్చుని పడుకున్నాడు. ఈసారి వానకూడా లేదు. బమాకోలో ఆగినప్పుడు శ్రీశైలం లేపబోతే, "దిగాల్నా?" అని కళ్లు తెరవకుండానే అడిగి, వద్దంటే అటు తిరిగాడు.

డాకర్‌లో దిగాక చేతులు చాపి ఒళ్లు విరుచుకున్నాడు.

"ఏమన్నా, గింత దానికేనా లొల్లి చేసింది? మస్తుగుండె ప్రయాణం. ఇంట్ల పిల్లలతోని గింత నిద్ర దొరకది నాకు."

వెంకటనర్సు ముక్కు రుద్దుకుంటూ సంచి అందుకున్నాడు. ఆ సాయంత్రం ఉషకు ఫోన్‌లో చెబితే ఆవిడ నమ్మలేదు.

"నిద్ర మాత్రలేమన్న మింగిండా?"

"లేదే. వాని తత్వమే గంత."

"మరి గా బెంచీలల్ల నడుం నొయ్యలేదటనా?"

"నాకు నొచ్చింది."

ఆ పని ముగించుకుని వచ్చాక వెంకటనర్సు సముద్రం అవతలి పనులు మానేశానని కాంట్రాక్టరుకు చెప్పాడు. వాళ్లు బతిమాలారు. కుదరదన్నాడు. శ్రీశైలం ఇప్పటికీ వెళుతున్నాడు. అతనికి అలవాటైంది. ఇటీవల వేరే మేస్త్రీలిద్దరిని వెంటబెట్టుకుని, బమాకోలో ఎవరూ దిగకుండా కాపలా కాస్తున్నాడట.

వెంకటనర్సు ఇప్పుడు దేశంలో పనులే చూసుకుంటున్నాడు. ఇంట్లో గొడవ తీరిందనుకున్నారు అందరూ. ఈ చలికాలంలో ఆయనకు మేఘాలయ కొండల్లో ఒక సిమెంటు ఫ్యాక్టరీ నుంచి పిలుపు వచ్చింది. సికింద్రాబాద్‌లో రైలెక్కితే గౌహతి చేరడానికే రెండు రోజులు దాటుతుంది. అక్కడినుంచి కొండదారిలో జీపు. పూజ లెక్కకట్టి చెప్పింది, డాకర్ ప్రయాణానికి దగ్గర దగ్గరగా వస్తుందని. గౌహతికి విమానం ఉందనీ, సగం పూటలో పోవచ్చనీ కూడా చెప్పింది.

ఉషకు ఒళ్లు మండింది. "గంత దూరం రైలుల కూసుంటవు గని, విమానమంటే వద్దంటవు. ఏందయ్యా నీ కథ?"

"రైలైతే ప్రతి స్టేషన్‌కు బోర్డుంటది. తెలుగుల లేకున్నా ఎవలినన్న అడిగితే చెప్తరు. ఎక్కడున్ననో నాకు తెలుస్తది" అన్నాడు ఆయన. అని సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

వెళ్లి వారం దాటింది. మొన్న ఉష పిండి కోసం నా కొట్టుకు వచ్చింది. ఫోన్ చేతిలో పట్టుకునే ఉంది. ఏం అక్కా, చేరిండా అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"ఆ కొండలల్ల సిగ్నలే లేదట" అంది. "ఏడున్నడో ఆయనకు తెలుసట, సరే. మరి నాకెట్ల తెలుస్తది?"

పిండి కొలిచి ఇచ్చాను. తీసుకుని, కొట్టు మెట్ల మీద నిలబడి మరోసారి నంబరు నొక్కింది.